గదుల పడవలో భోజనాలు, దిగేటప్పుడు ఇనాములు

టిప్పు ఇచ్చే మనిషిని ముందే కనిపెట్టడం ఎలాగని మా అక్క మనవరాలు సుజన మొన్న నన్ను అడిగింది. ఆ పిల్ల హోటల్ పని చదువుకుంది. వచ్చే నెలలో ఒక పెద్ద విహార ఓడలో చేరుతోంది. కుటుంబాలకు కుటుంబాలు ఎక్కి, వారం రోజులు సముద్రం మీద తిని తిరిగి దిగిపోయే ఓడ. ఏ కుటుంబం ఏ బల్ల దగ్గర ఏ గంటకు కూర్చోవాలో ముందే రాసి పెడతారట. టిప్పు కూడా బిల్లులోనే వేస్తారట. ఆపైన ఇష్టమున్నవాళ్ళు చేతికిస్తారట.

"ఆ పైన ఇచ్చేదాని గురించే అడగతా ఉండా తాతా. నువ్వు పడవలో చేసినావు గదా" అంది.

చేశాను. తొమ్మిదేళ్ళు చేశాను. ఆ తర్వాత నెల్లూరు హోటళ్ళలో, క్యాంటీన్లలో ముప్ఫై ఏళ్ళు చేశాను గానీ, నేర్చుకున్నదంతా ఆ తొమ్మిదేళ్ళలోనే నేర్చుకున్నాను. పడవ ఎంత చిన్నదైనా, ఓడ ఎంత పెద్దదైనా తినేవాడి బుద్ధీ, వడ్డించేవాడి బుద్ధీ అవే. అందుకని సుజనకూ, ఆ పనిలోకి పోతున్న మిగతా పిల్లలకూ ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగిందో, నన్ను ఎవరు మెచ్చుకున్నారో ఇందులో ఉండదు. అలాంటివి ఇంకొకరు రాస్తే చదివే ఓపిక నాకే లేదు.

పడవ, దాని యజమాని

బకింగ్‌హాం కాలువ అంటే ఇప్పటి పిల్లలకు రొయ్యల గుంటల పక్కన పాచి పట్టిన మడుగు. నేను పనిలో చేరిన రోజుల్లో, అంటే యాభైల చివర, అదే మా తీరానికి రాజమార్గం. సరుగుడు కట్టెలు, ఉప్పు, సున్నపు గుల్ల దాని మీదే మద్రాసుకు పోయేవి. మా యజమాని చెంచురామయ్య గారు తన కట్టెల పడవల్లో ఒకదానికి పలకలతో రెండు గదులు కట్టించి, పైన రేకులు వేయించి, వెనకవైపు చిన్న వంటగది పెట్టించి, ఆకుపచ్చ రంగు కొట్టించాడు. దాన్ని గదుల పడవ అనేవాళ్ళు. సముద్ర స్నానాలకూ పెళ్ళిళ్ళకూ కుటుంబాలు దాన్ని బాడుగకు తీసుకునేవి. గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని లాగుతూ నడుస్తుంటే, వాళ్ళ నడకెంతో పడవ పోకడ అంత. కృష్ణపట్నం వైపు నుంచి మైపాడు రావాలంటే ఎదురుగాలి రోజుల్లో రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులూ తిండి నా చేతి మీద. పడవ నడిపే సరంగు పోలయ్య. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు.

చెంచురామయ్య గారు నన్ను పనిలో పెట్టుకున్న రోజున ఒక మాట చెప్పాడు.

"రేయ్ సుందరం, నేనిచ్చే జీతం బియ్యానికి సరిపోద్ది. కూర కావాలంటే ఎక్కినోళ్ళ దగ్గర సంపాయించుకో. అడగబాక. అడక్కుండా ఇచ్చేటట్టు చేసుకో."

దాన్ని ఆయన వ్యాపార రహస్యం అనుకునేవాడు. నేను పెద్దల ఉపదేశం అనుకున్నాను. పనివాడికి కడుపు నిండా జీతం ఇవ్వలేని పిసినారి, ఆ భారాన్ని దారినపోయేవాళ్ళ మీద తోసి, దానికి తెలివి అని పేరు పెట్టుకున్నాడని అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. పైగా మాకొచ్చిన ఇనాంలో నాలుగోవంతు పడవ అరుగుదలకని తనే తీసుకునేవాడు. అరిగేది పడవ కాదు, మేము.

ఇనాములిచ్చే మారాజులు

వీళ్ళలో రకాలున్నారు. ఎక్కంగానే పేరు పెట్టి పిలిచి, భుజం తట్టి, "నిన్ను చూసుకుంటాంలే అబ్బయ్యా" అనేవాడు ఒకడు. వాడు దిగేటప్పుడు నిన్ను చూడడు, సామాను చూసుకుంటాడు. రెండు రోజులూ మొహం ఎత్తని వాడు చివరి గంటలో "ఇంట్లో అంతా బాగుండారా? పిల్లలెంతమంది?" అని అడిగితే అప్పుడే తెలిసిపోవాలి, జేబు ఖాళీ. నలుగురి ముందు గట్టు మీద నిలబడి, చెయ్యెత్తి, గొంతెత్తి ఒక రూపాయి ఇచ్చేవాడు ఇంకొకడు. ఆ రూపాయి మనకిచ్చింది కాదు, చూసేవాళ్ళకిచ్చింది. చినిగిన పంచె ఇచ్చి దండం పెట్టించుకున్న లాయరు గారిని నేనెరుగుదును. ఎంగిలి చేత్తో కాకిని తోలని ఒకాయన అయితే, రెండు రోజులూ నా వంటను పొగిడి పొగిడి, దిగేటప్పుడు "నీ చేతికి డబ్బిచ్చి అవమానించను" అన్నాడు. ఆ అవమానం కోసం నేనెంత ఎదురుచూశానో ఆయనకేం తెలుసు!

కాఫీ తాగే ముందు నా కులం అడగని కుటుంబం లేదు. తాగిన తర్వాత నా పేరు అడిగిన కుటుంబాలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

నేనేమైనా తక్కువ తిన్నానా! ఎవరి చేతి నుంచి ఇనాం వస్తుందో మొదటి పూటే పసిగట్టేవాణ్ణి. ఆయన ఆకులో నెయ్యి రెండు గరిటెలు పడేది. ఆయనకు ఏ కూర ఇష్టమో నాకు ముందే తెలిసేది. ఆయన దగ్గితే మంచినీళ్ళు అందేవి. ఇదంతా పనితనం అనుకున్నాను. పోలయ్య మాత్రం నన్ను చూసి నవ్వేవాడు.

"నువ్వు వంట చెయ్యలా అబ్బయ్యా, వల ఏస్తా ఉండావు."

పోలయ్యేమీ సన్యాసి కాదు. ఇనాం పంచుకునేటప్పుడు అర్ధణా తేడా వచ్చినా నా మీదకు లేచేవాడు.

ఎవరు ఎప్పుడు తినాలి

పడవ గదిలో చాపలు పరిస్తే ఆరుగురు కూర్చోవచ్చు. మొదటి పంక్తి మగవాళ్ళది. పిల్లలు వాళ్ళతోనో, తర్వాతో. ఆడవాళ్ళు అందరికంటే ఆఖరున. ఇళ్ళలో ఎలాగో పడవలోనూ అలాగే. అందులో కొత్తేముంది అనుకునేవాణ్ణి.

కొత్త ఉంది. అది కనిపెట్టడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఇంట్లో ఆడవాళ్ళు ఆఖరున తింటారనేది పైకి మాట. వంటిల్లు వాళ్ళది. ఉప్పు చూసే పేరుతో ఒక ముద్ద, పిల్లవాడికి పెడుతూ ఒక ముద్ద, తలుపు చాటున గుక్కెడు మజ్జిగ, ఏదో ఒకటి కడుపులో పడుతుంది. పడవలో వంటిల్లు నాది. పరాయి మగవాణ్ణి నేను కుంపటి ముందు కూర్చుని ఉంటే వాళ్ళు లోపలికి అడుగుపెట్టలేరు, నోరు తెరిచి అడగలేరు. ఆడవాళ్ళకు రెండు రోజులు పొయ్యి బాధ తప్పిద్దామని వంటమనిషితో సహా పడవ మాట్లాడుకుంటున్నామని ఆ ఇంటి పెద్దలు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. తప్పించింది పొయ్యి బాధ కాదు, ఆ దొంగ ముద్దలు.

అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదంటారు. మా పడవలో ఆగేది. మగవాళ్ళు పేకాట ముగించేదాకా, స్నానాలు చేసేదాకా, గట్టు దిగి ఎవరితోనో పొలం కబుర్లు చెప్పి వచ్చేదాకా అన్నం చల్లారుతూ కూర్చునేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని సామెత. వడ్డించేవాణ్ణి నేనే. కానీ ఆ కడబంతివాళ్ళకు నేను ఏమీ కాను. ఇనాం ఇచ్చేవాడి మనిషిని.

పెంచలరెడ్డి గారి పంక్తి

అరవైల మొదట్లో, మాఘమాసంలో, తోటపల్లి గూడూరు దగ్గరి ఒక పల్లె నుంచి పెంచలరెడ్డి గారి కుటుంబం మైపాడు సముద్ర స్నానానికి మా పడవ ఎక్కింది. ఆయన, భార్య సుబ్బమ్మ గారు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, పెద్దకొడుకు పిల్లలు ముగ్గురు. చిన్నకోడలు విజయమ్మ ఒడిలో మూడు నెలల బిడ్డ. మనిషి పలచగా, చీపురుపుల్లలా ఉండేది.

ఎక్కంగానే పెంచలరెడ్డి గారు జేబులోంచి పది రూపాయల నోటు తీసి నాకు చూపించి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నీది. దిగేటప్పుడు ఇస్తా. ఒకటే మాట. నా పంక్తి లేసేదాకా కుండలో మెతుకు కదలగూడదు. మా ఇంట్లో అదీ పద్ధతి."

నా నెల జీతం ముప్ఫై. నేను తల ఊపాను. ఊపడమేమిటి, మెడ విరిగేటట్టు ఊపాను.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు పొద్దున్నే ఎదురుగాలి. తాడు లాగేవాళ్ళు అలిసిపోయి, ఒక రేవు దగ్గర పడవ కట్టేశారు. అక్కడికి కోసెడు దూరంలో పెంచలరెడ్డి గారి వియ్యంకుడి తమ్ముడి ఊరు ఉంది. "గంటలో వస్తాం" అని ఆయనా, కొడుకులిద్దరూ చొక్కాలు తొడుక్కుని గట్టు ఎక్కారు. అప్పటికి పదిన్నర. పదకొండుకల్లా నా వంట అయింది. అన్నం, పప్పు, వంకాయ కూర, చారు. కుండ మీద మూత పెట్టి కూర్చున్నాను.

పన్నెండయింది. ఒంటిగంట అయింది. పిల్లలు డబ్బాలోని జంతికలు ఖాళీ చేసి పడుకున్నారు. బాలింత పథ్యం కాబట్టి విజయమ్మ జంతికలు ముట్టదు. బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. చంటిబిడ్డ ఆకలి ఏడుపు వేరు, నాకు తెలియనిది కాదు. తల్లి దగ్గర పాలు లేవు. ఈ పక్కకు మార్చి, ఆ పక్కకు మార్చి, భుజాన వేసుకుని, ఆ రెండు గదుల్లోనే తిరిగింది. చివరికి వంటగది గడప దగ్గరకు వచ్చి, లోపలికి చూడకుండా, పలక మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"అన్నా, కాస్త గంజి ఉండాదా?"

గంజి ఉంది. పొద్దున వార్చిన గంజి మూకుడు కింద, నా మోకాలి పక్కనే, చెంబెడు ఉంది. అది మెతుకు కూడా కాదు. పెంచలరెడ్డి గారి పద్ధతికి కూడా అడ్డం రాదు. అయినా నా బుర్రలో ఆ పది రూపాయల నోటు తప్ప ఇంకేమీ లేదు. గంజి ఇస్తే ఎవరో చూస్తారు, ఎవరో చెబుతారు, ఆయన ఏదో అనుకుంటాడు. వీటన్నిటికంటే అబద్ధం చవక.

"లేదమ్మా, పారబోసినా. ఇప్పుడే వచ్చేస్తారులే పెద్దాయన" అన్నాను.

ఆ పిల్ల వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి, గది తలుపు దగ్గర కూలబడింది. నుదురు గడపకు కొట్టుకుని నెత్తురు వచ్చింది. బిడ్డ చాప మీద పడి దొర్లింది. పెద్దకోడలు కేకేసి బిడ్డను ఎత్తుకుంది. సుబ్బమ్మ గారు చెంగుతో కోడలి నుదురు అదిమి పట్టుకుంది. నేను గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

పడవ చివర కూర్చుని ఉన్న పోలయ్య లేచి వచ్చాడు. అతనిదీ, తాడు లాగేవాళ్ళదీ కుండ వేరే. అందులో రాత్రి మిగిలిన సద్దన్నం, మజ్జిగ పోసి, ఉప్పేసి కలిపిన సద్దన్నం ఉంది. దాన్ని తెచ్చి సుబ్బమ్మ గారి ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి పోయి నిలబడ్డాడు.

"తల్లీ, మా కుండలోది. మీరు తినేది కాదు, నాకు తెలుసు. మడీ మైలా తర్వాత చూసుకుందురు. ముందు ఆ పిల్ల గొంతులో నాలుగు మెతుకులు పొయ్యండి."

సుబ్బమ్మ గారు ఆ కుండ వంక చూసింది, గట్టు వంక చూసింది. గట్టు మీద ఎవరూ రావడం లేదు. ముద్ద తీసి కోడలి నోట్లో పెట్టింది. విజయమ్మ కళ్ళు మూసుకునే మింగింది. అలా ఏడెనిమిది ముద్దలు. తర్వాత పెద్దకోడలికి ఒకటి. ఆ తర్వాత సుబ్బమ్మ గారు చేతిలోని ముద్దను కాసేపు చూసి, తన నోట్లో పెట్టుకుంది. ఇంకొకటి పెట్టుకుంది. తింటూనే ఏడ్చింది.

"నాకు పెళ్ళై నలభై ఏండ్లు అబ్బయ్యా. ఎండ నెత్తిన ఉండంగా అన్నం తినడం ఇదే" అంది, పోలయ్యతో.

నా కుండ మీద మూత అలాగే ఉంది. అప్పుడైనా నేను మూత తియ్యలేదు. సిగ్గేసి తియ్యలేదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. సిగ్గు కాదు, ఆశ.

నాలుగు గంటలకు మగవాళ్ళు వచ్చారు. నోట్లో తమలపాకు, చేతిలో ఆ ఇంటివాళ్ళు కట్టిచ్చిన అరిసెల పొట్లం. పెంచలరెడ్డి గారు గుడ్డతో విసురుకుంటూ చాప మీద కూర్చున్నాడు.

"మేం ఆడే తినేసినాం. వాళ్ళు ఒదల్లా. మీరు కానీండి" అన్నాడు ఆడవాళ్ళతో.

కోడలి నుదుటి కట్టు చూసి ఏమైందని అడిగాడు. తలుపు తగిలిందని సుబ్బమ్మ గారు చెప్పింది. పిల్లలతో సహా ఎవ్వరూ నోరు మెదపలేదు. ఆయన వంటగదిలోకి తొంగిచూసి, స్వయంగా కుండ మూత తీశాడు. లోపల అన్నం, గరిటె తగలకుండా, పొద్దున ఉన్నట్టే గోపురంలా ఉంది. ఆ మొహంలో సంతోషం చూడాలి!

"భేష్! గరిటె కూడా పెట్టలా. ఇదీ పనోడంటే" అన్నాడు.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఇంత ఘనంగా మెచ్చుకున్నవాడు ఇంకొకడు లేడు.

ఆ తర్వాత నేను చేసినవి

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. ఆ ప్రయాణం అయ్యాక పడవలో రెండు పద్ధతులు పెట్టాను. ఎవరు ఎక్కినా, వంటగదిలో ఒక మూలన గంజి, మజ్జిగ, నాలుగు ముద్దల అన్నం విడిగా పెట్టి, పొద్దున్నే నేను ఒక గంట గట్టు మీదికి పోయేవాణ్ణి. పోతూ, "అమ్మా, నేను లేను, వంటిల్లు చూసుకోండి" అని చెప్పేవాణ్ణి. ఎవరు తిన్నారో, ఎంత తిన్నారో అడగలేదు. తిరిగొచ్చేసరికి గిన్నెలు కడిగి బోర్లించి ఉండేవి. ఒక్కసారి కూడా మిగల్లేదు. రెండోది, పన్నెండు దాటితే ఆడవాళ్ళకు విస్తళ్ళు పరిచేసేవాణ్ణి. గాలి మళ్ళేలోపు భోజనాలు కావాలి, లేకపోతే పడవ ఊగుతుంది అని బొంకేవాణ్ణి. ఆ పెద్దమనుషుల్లో ఒక్కడికీ గాలి సంగతి తెలియదు. తల పంకించేవాళ్ళు.

ఇనాములు సగానికి పడిపోయాయి. చెంచురామయ్య గారు తన నాలుగోవంతు తగ్గిందని నన్ను నానా తిట్లూ తిట్టాడు. నాలుగేళ్ళు తిట్టాడు. ఆ తర్వాత గాలివానలకు కాలువ పూడిపోయింది, లారీలు వచ్చాయి, ఆయన తిట్లూ పడవా కలిసే పోయాయి.

కాబట్టి సుజనా, ఇనాం ఇచ్చేవాణ్ణి కనిపెట్టడం విద్యే కాదు. కళ్ళున్న ప్రతి వెధవకూ అది మొదటి పూటే తెలిసిపోతుంది. ఆ బల్ల దగ్గర ఆకలితో ఉండి అడగలేని మనిషి ఎవరో కనిపెట్టాలి. వాళ్ళు నీకు పైసా ఇవ్వరు. ఇవ్వడానికి వాళ్ళ చేతిలో ఏమీ ఉండదు. మీ ఓడలో బల్లలకు నంబర్లు వేసినంత మాత్రాన అలాంటివాళ్ళు లేకుండా పోరు.

దిగేటప్పుడు

ఆ సాయంత్రం గాలి తిరిగింది. పొద్దు వాలుతుండగా మైపాడు రేవులో పడవ ఆగింది. సామాను దింపారు. పెంచలరెడ్డి గారు అందరినీ నిలబెట్టి, తమలపాకులో పెట్టి ఆ నోటు నాకిచ్చాడు. నేను రెండు చేతులా తీసుకున్నాను. తీసుకోలేదని రాద్దామనుకున్నాను, ఈ కాగితాల మీద ఎవరు చూడొచ్చారు! కానీ తీసుకున్నాను, దండం కూడా పెట్టాను.

పోలయ్యకు వాటా ఇవ్వబోతే వెనక్కి తోశాడు.

"అది ఒట్టి నీ కష్టం అబ్బయ్యా. అందులో మా చెయ్యి లేదు."

అర్ధణాకు కొట్లాడే మనిషి ఆ మాటన్నాడు.

మగవాళ్ళు బండి మాట్లాడటానికి ముందుకు పోయారు. సుబ్బమ్మ గారు పిల్లల్ని లెక్కపెట్టుకుంటోంది. విజయమ్మ అందరికంటే ఆఖరున దిగింది. బిడ్డ నిద్రపోతోంది. పలక మీద ఒక కాలు, గట్టు మీద ఒక కాలు పెట్టి ఆగి, మొదటిసారి నా మొహంలోకి చూసింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అన్నా, ఇందాక నువ్వు కుండలు కడగతా ఉంటే చూసినా. గంజి కాలవలో పోసినావు. మద్దేనం అడిగినప్పుడు ఉన్నిందా?"

"ఉన్నింది" అన్నాను.

"ఊరికే అడిగినాలే. నేనే సరిగ్గా అడగలేదేమో అనుకుంటా ఉండా ఇంతసేపూ" అని గట్టు ఎక్కి, వాళ్ళ వెనకాల నడిచిపోయింది.